పరీక్ష దశలోని సాఫ్ట్‌వేర్‌కు రైతు మూల్యం చెల్లించవలెనా?

ఒక విత్తన సంచి మీద ‘ఈ రకం ఇంకా పరీక్షలో ఉన్నది, ఫలితానికి మేము బాధ్యులం కాము’ అని ముద్రించి, దానిని పూర్తి ధరకు అమ్మకానికి పెడితే ఏ వ్యవసాయాధికారీ ఆ అమ్మకాన్ని సాగనివ్వడు. అదే వాక్యం ఒక వ్యవసాయ యాప్‌కు చెందిన నియమ నిబంధనల పాఠంలో ఎక్కడో అడుగున ఉంటే ఎవరికీ అభ్యంతరం తోచదు. రైతు ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిని నొక్కి, చందా చెల్లించి, మరుసటి ఉదయం నుండి ఆ యాప్ చెప్పినట్లు నీరు, ఎరువు, మందు వాడడం మొదలుపెడతాడు. ఒకే రైతు, ఒకే పొలం, ఒకే పంట. విత్తనం విషయంలో ఒక నీతి, సలహా విషయంలో వేరొక నీతి ఎందుకు ఉండవలెనన్నది పరిశీలించదగిన ప్రశ్న. విస్తరణ రంగంలో పనిచేస్తున్నవారికి, ఆ రంగంలోకి రానున్న విద్యార్థులకు ఇది ప్రతి సీజన్‌లో ఎదురుకానున్న ప్రశ్న కూడా.

సాఫ్ట్‌వేర్ పరిశ్రమలో ఒక ఉపకరణాన్ని నిర్మాతలు తమలో తామే పరీక్షించుకునే దశను ఆల్ఫా అనీ, బయటి వినియోగదారుల చేతికిచ్చి లోపాలను వెలికితీసే దశను బీటా అనీ అంటారు. మన పరిభాషలో చెప్పాలంటే ఆల్ఫా పరిశోధనా స్థానంలోని పరీక్ష, బీటా రైతు పొలంలోని చిరుసంచుల పరీక్ష. పోలిక ఇంతవరకు సరిగానే కుదురుతుంది. చిరుసంచిలోని విత్తనాన్ని మనం రైతుకు ఉచితంగా గాని నామమాత్రపు ధరకు గాని ఇస్తాము. బీటా దశలోని సాఫ్ట్‌వేర్‌ను చాలాసార్లు పూర్తి ధరకే అమ్ముతారు. పోలిక చెడేది అక్కడే.

పరిశ్రమ అనుభవం

అసంపూర్ణమైన సాఫ్ట్‌వేర్‌కు డబ్బు తీసుకోవడం కొత్త కాదు. మైక్రోసాఫ్ట్ సంస్థ 1995లో విండోస్ 95 విడుదలకు ముందు దాని పరీక్ష ప్రతిని అమెరికాలో సుమారు 20 డాలర్లకు ఇచ్చింది. ఆపిల్ సంస్థ 2000 సెప్టెంబరులో మ్యాక్ ఓఎస్ టెన్ బహిరంగ బీటాను దాదాపు 30 డాలర్లకు అమ్మింది. ఆ ప్రతి 2001 మే నెలతో గడువు తీరి పనిచేయడం మానివేసింది. అయితే దానిని కొన్నవారికి, 129 డాలర్ల తుది ప్రతి కొనుగోలులో 30 డాలర్ల తగ్గింపు లభించింది. అంటే పరీక్షలో పాల్గొన్నవారి సొమ్ము తుది ధరలో జమ అయింది. ఈ పద్ధతిలో నాకు తప్పేమీ కనిపించదు.

గూగుల్ వారి జీమెయిల్ 2004 ఏప్రిల్ నుండి 2009 జూలై వరకు, అంటే అయిదేళ్లకు పైగా, బీటా అన్న పేరుతోనే నడిచింది. సామాన్య వినియోగదారులకు అది ఉచితం. కానీ 2007 నుండి అదే సేవను ఒక్కొక్కరికి ఏడాదికి 50 డాలర్ల చొప్పున చెల్లించి వాడుకున్న వాణిజ్య సంస్థలకు కూడా తెర మీద బీటా అన్న మాటే కనిపించేది. పెద్ద సంస్థలు ఆ మాటను చూసి సందేహించడం, దానిని తొలగించడానికి ఒక కారణమైంది. సేవ ఒక్క రాత్రిలో పరిపూర్ణం కాలేదు, పేరు మాత్రం మారింది. కనుక బీటా అన్న ముద్ర ఉన్నదా లేదా అన్నదానిని బట్టి ఒక ఉపకరణం పరిపక్వతను నిర్ణయించడం పొరపాటని గ్రహించాలి. మన రైతుల చేతికి వస్తున్న యాప్‌లలో అనేకం ఆ ముద్ర లేకుండానే బీటా దశలో ఉన్నాయి.

కంప్యూటర్ ఆటల విషయం మరికొంత ఆసక్తికరం. స్టీమ్ అనే విక్రయ వేదిక 2013లో అసంపూర్ణమైన ఆటలను ముందుగానే అమ్మే విభాగాన్ని ప్రారంభించింది. కొన్ని ఆటలు ఎన్నటికీ పూర్తి కాకపోవచ్చుననీ, ఇప్పుడున్న స్థితిలో నచ్చితేనే కొనాలనీ ఆ వేదికే కొనుగోలుదారులకు చెబుతుంది. 2015 నుండి కొన్న 14 రోజులలోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకపోతే, సొమ్ము వాపసు ఇచ్చే పద్ధతి కూడా అక్కడ ఉన్నది. హెచ్చరిక స్పష్టంగా ఉన్నది, వెనుదిరిగే దారి ఉన్నది, నష్టం ఆట ధరకు మించదు. ఇష్టపడి కొనేవానికి ఇంతకంటే ఏమి కావాలి?

కారు దగ్గరకు వచ్చేసరికి లెక్క మారింది. టెస్లా సంస్థ స్వయంచాలక చోదక సాఫ్ట్‌వేర్‌ను బీటా అన్న పేరుతోనే 2022లో 15,000 డాలర్ల వరకు ధర పెట్టి అమ్మింది. 2023 ఫిబ్రవరిలో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న 3,62,758 వాహనాలను భద్రతా కారణాలపై రీకాల్ చేసి, లోపాన్ని నవీకరణ ద్వారా సరిచేయవలసి వచ్చింది. ఇక్కడ పరీక్ష జరిగింది బహిరంగ రహదారి మీద. డబ్బు చెల్లించనివారు, అంగీకారం తెలుపనివారు కూడా ఆ పరీక్షలో పాత్రధారులైనారు.

ఈ ఉదాహరణలను వరుసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. డబ్బు తీసుకున్నారా లేదా అన్నది అసలు సమస్య కాదు. ఉపకరణం విఫలమైననాడు పోయేది ఎంత, అది తిరిగి వచ్చేదేనా, దానిని మోసేది ఎవరు అన్నవి అసలు ప్రశ్నలు. బీటా ప్రతి మొరాయిస్తే ఆపిల్ వినియోగదారుడు పాత వ్యవస్థకు తిరిగి పోగలిగాడు. ఆట నచ్చనివాడు సొమ్ము వాపసు తీసుకోగలడు. పంట వేసిన రైతుకు ఈ రెండు దారులూ లేవు.

సీజన్‌కు నవీకరణ లేదు

సాంబ మసూరి సుమారు 150 రోజుల పంట. పిలకల దశలో యాప్ ఇచ్చిన తప్పుడు నత్రజని సలహా ఫలితం కోతనాడు గాని పూర్తిగా తెలియదు. పద్నాలుగు రోజుల వాపసు గడువు ఈ రైతుకు ఏ విధంగా ఉపకరిస్తుంది? చందా సొమ్ము మూడు వందలో అయిదు వందలో వాపసు వచ్చినా, పోయిన గింజ వెనక్కు రాదు.

తప్పు ఎంత చిన్నచోట దొర్లగలదో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. వరికి హెక్టారుకు 120 కిలోల నత్రజని సిఫారసు ఉన్నదనుకుందాం. ఎకరానికి అది సుమారు 48 కిలోలు, అంటే దాదాపు 104 కిలోల యూరియా. 45 కిలోల సంచులలో చెప్పాలంటే రెండు సంచులు దాటి కొంచెం. సాఫ్ట్‌వేర్‌లో హెక్టారును ఎకరంగా మార్చే ఒక్క పంక్తి తప్పితే తెర మీద 120 కిలోలు ఎకరానికే చూపబడుతుంది. అప్పుడు యూరియా దాదాపు 261 కిలోలు, ఆరు సంచులకు కొద్దిగా తక్కువ. అనుభవమున్న రైతు ఆ అంకెను చూసి నవ్వి పక్కన పెడతాడు. కొత్తగా కౌలుకు తీసుకుని సేద్యంలోకి దిగిన యువకుడు నమ్మి చల్లినా చల్లవచ్చు. ఆపై అగ్గితెగులు, దోమపోటు, పైరు పడిపోవడం మనకు తెలిసిన వరుసే. నిర్మాత ఆ పంక్తిని పది నిమిషాలలో సవరించి కొత్త ప్రతి విడుదల చేస్తాడు. పొలంలో చల్లిన యూరియాకు కొత్త ప్రతి లేదు.

ఇటువంటి లెక్కల తప్పులు కనీసం పట్టుకోదగినవి. ఛాయాచిత్రం చూసి తెగులును గుర్తించే యాప్‌ల తప్పులు అంత సులభంగా పట్టుబడవు. ఈ రంగంలో తరచుగా ఉదహరించే అధ్యయనం 2016లో వెలువడింది. ప్లాంట్‌విలేజ్ అనే సంకలనంలోని 54,306 ఆకుల చిత్రాలతో, 14 పంటలకు చెందిన 26 తెగుళ్లను గుర్తించేలా ఒక నమూనాకు శిక్షణ ఇచ్చారు. అదే సంకలనంలో విడిగా ఉంచిన చిత్రాల మీద నమూనా సాధించిన కచ్చితత్వం 99.35 శాతం. యాప్‌ల ప్రచార పత్రాలలో మనకు కనిపించే ఘనమైన అంకెలు ఈ జాతివే. అయితే ఆ పరిశోధకులే నిజాయితీగా మరొక ఫలితాన్నీ ప్రకటించారు. శిక్షణలో వాడిన పరిస్థితులకు భిన్నంగా తీసిన చిత్రాలను ఇచ్చినప్పుడు కచ్చితత్వం 31 శాతం చిల్లరకు పడిపోయింది. సంకలనంలోని ఆకులు మొక్క నుండి కోసి, ఒకే రంగు నేపథ్యం మీద పరచి తీసినవి. మన రైతు తీసే చిత్రంలో నీడ ఉంటుంది, మట్టి ఉంటుంది, పక్క ఆకు ఉంటుంది, ఒకే ఆకు మీద రెండు మూడు సమస్యలు కలిసి ఉంటాయి. పరిశోధనా స్థానంలోని దిగుబడిని రైతు పొలంలో వాగ్దానం చేయరాదని మనం మొదటి సంవత్సరం విద్యార్థికే నేర్పుతాము. 99 శాతాన్ని వాగ్దానం చేసేవారికి ఆ పాఠం ఎవరు చెప్పాలి?

మిరప పంటనే తీసుకుందాం. తామర పురుగు ఆశిస్తే ఆకులు పైకి ముడుచుకుంటాయి, నల్లి ఆశిస్తే కిందికి ముడుచుకుంటాయి. పైముడతకు, కింది ముడతకు వాడవలసిన మందులు వేరు. ఈ తేడాను ఒక నమూనాకు నేర్పవచ్చు. కానీ 2021లో మన రెండు రాష్ట్రాల మిరప తోటలను నల్ల తామర పురుగు ముంచెత్తినప్పుడు, అంతకు పూర్వపు చిత్రాలతో శిక్షణ పొందిన ఏ నమూనాకైనా ఆ పురుగు పేరే తెలియదు. అది ప్రధానంగా పూలలో చేరి, పూత రాలిపోయేలా చేసింది. తెలియని దానిని ‘తెలియదు’ అని చెప్పడం చాలా నమూనాలకు రాదు. తెలిసిన జాబితాలో దగ్గరగా ఉన్న పేరును ఎంచి, ఎంతో ధీమాగా చెబుతాయి. ఎకరానికి లక్ష రూపాయలకు పైగా పెట్టుబడి పెట్టే పంటలో ఆ ధీమా ఖరీదు ఎవరి ఖాతాలో పడుతుంది?

కచ్చితత్వపు శాతం గురించి విద్యార్థులు మరొక సంగతి గమనించాలి. నూరు పొలాలలో అయిదింటిలో మాత్రమే ఒక తెగులు ఉన్నదనుకోండి. ప్రతి పొలాన్నీ చూసి ‘తెగులు లేదు’ అని చెప్పే యంత్రం 95 శాతం సరిగా చెప్పినట్లే. అది ఒక్క రోగిష్టి పొలాన్ని కూడా పట్టుకోలేదు. కాబట్టి అడగవలసినది ఒక్క శాతం కాదు. ఉన్న తెగులును ఎన్నిసార్లు పట్టుకున్నది, లేని తెగులును ఎన్నిసార్లు ఉన్నదన్నది, దేనిని దేనిగా పొరబడినది అన్న పూర్తి పట్టిక కావాలి.

మన వ్యవస్థ నేర్పినది

రకం విడుదల క్రమం మనందరికీ కంఠస్థం. కొత్త సంకర సంతతి అఖిల భారత సమన్వయ పథకంలో ప్రాథమిక, ఉన్నత పరీక్షలలో మూడేళ్లు నిలవాలి. ఆపై చిరుసంచుల ద్వారా రైతుల పొలాలలో నెగ్గాలి, విడుదల సంఘం ముందుకు రావాలి, 1966 నాటి విత్తన చట్టం 5వ సెక్షన్ కింద నోటిఫై కావాలి. ఈ ఆలస్యాన్ని విసుక్కునేవారు మనలోనే ఉన్నారు. రైతులూ కొన్నిసార్లు ఆగరు. విడుదలకు ముందే ఒక మంచి కల్చరు సంఖ్య పేరుతో ఊరూరా చేతులు మారడం మనం ఎరిగినదే. అందువల్ల పరీక్షలో ఉన్నదానిని ముందుగా పొందాలన్న కోరికను నేను తప్పు పట్టను. అది చైతన్యమున్న రైతు లక్షణం.

పురుగు మందుల చట్టం కూడా అసంపూర్ణ సమాచారంతో అమ్మకానికి ఒక ద్వారం తెరచి ఉంచింది. 1968 నాటి ఆ చట్టం 9వ సెక్షన్‌లో, దేశంలోకి మొదటిసారి వచ్చే మందును విచారణ పూర్తికాకముందే షరతులతో రెండేళ్లపాటు తాత్కాలికంగా నమోదు చేసే వీలున్నది. నానో యూరియా నిర్దేశాలను కూడా 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద మూడేళ్ల కాలానికే నోటిఫై చేశారు. దాని ఫలితాలపై మన శాస్త్రవేత్తల మధ్య నడుస్తున్న చర్చ పాఠకులకు తెలుసు, ఇక్కడ దానిలోకి పోను. చెప్పదలచినది ఒక్కటే. ఈ తాత్కాలిక ద్వారాలకు ఒక గడువు ఉన్నది, ఒక అనుమతించే అధికారి ఉన్నాడు, ఏమి పరీక్షించాలో వ్రాతపూర్వకంగా ఉన్నది. వ్యవసాయ సలహా సాఫ్ట్‌వేర్‌కు ఇంతటి ద్వారపాలన లేదు. ఇవాళ తయారు చేసి రేపు అమ్మవచ్చు.

బాధ్యత విషయంలో తేడా ఇంకా ఎక్కువ. 2001 నాటి మొక్కల రకాల సంరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్‌లోని రెండవ ఉపసెక్షన్‌ను విద్యార్థులు తప్పక చదవాలి. ఆ చట్టం కింద నమోదైన రకం విత్తనాన్ని రైతుకు అమ్మినప్పుడు, ఫలానా పరిస్థితులలో అది ఎంతటి ఫలితాన్నిస్తుందో ప్రజనకుడు తెలియజేయాలి. ఆ పరిస్థితులలో ఆ ఫలితం రాకపోతే రైతు పరిహారం కోరవచ్చు. జాతీయ విత్తన సంస్థకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2012లో, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేననీ, వినియోగదారుల న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చుననీ స్పష్టం చేసింది. ఆ వ్యాజ్యాలకు మూలం ఆంధ్రప్రదేశ్ రైతుల ఫిర్యాదులే. సాఫ్ట్‌వేర్ లైసెన్సులు సాధారణంగా దీనికి సరిగ్గా ఎదురు దిశలో వ్రాయబడతాయి. ‘ఉన్నది ఉన్నట్లుగా’ ఇస్తున్నామనీ, ఏ ప్రయోజనానికీ తగినదని హామీ ఇవ్వడం లేదనీ వాటిలో ఉంటుంది. ఉచితంగా ఇచ్చేదానికి ఆ వాక్యం న్యాయమే. డబ్బు పుచ్చుకుని ఆ వాక్యాన్ని అడ్డుపెట్టుకోవడాన్ని మాత్రం సమర్థించలేము.

రైతు చెల్లిస్తున్నది ఎన్ని విధాల

నిర్మాతల వాదనలోనూ బలమున్నది. దానిని తోసిపుచ్చడం న్యాయం కాదు. సర్వర్లకు, సిబ్బందికి, క్షేత్ర సమాచార సేకరణకు ఖర్చు అవుతుంది. ప్రాజెక్టు నిధులతో ఉచితంగా పుట్టిన యాప్‌లు నిధులు ముగిసిననాడు మూగబోవడం మన విశ్వవిద్యాలయాలలోనూ చూశాము. పైగా ఉచితంగా వచ్చినదానిని జనం పట్టించుకోరు. చిరుసంచిలోని విత్తనం వేయకుండా మూలన పడి ఉండడం ఎరుగని విస్తరణ శాస్త్రవేత్త లేడు. పది రూపాయలు పెట్టినవాడు పనిచేయకపోతే నిలదీస్తాడు. ఆ నిలదీతే బీటా దశకు కావలసిన ముడి సరుకు.

కానీ రైతు పెడుతున్నది చందా ఒక్కటే కాదు. అతడు తన పొలం హద్దులను, విత్తిన తేదీని, వాడిన ఎరువుల లెక్కను, తెగులు సోకిన ఆకుల చిత్రాలను యాప్‌కు ఇస్తున్నాడు. నమూనా మెరుగయ్యేది వాటితోనే. వేలాది పొలాల నుండి, వేర్వేరు వెలుగులో, వేర్వేరు దశలలో తీసిన చిత్రాలను సొంత ఖర్చుతో సేకరించాలంటే సంస్థకు ఎంత అవుతుందో క్షేత్ర పరిశోధన చేసిన ప్రతివారికీ తెలుసు. విత్తనోత్పత్తి చేసే రైతుకు కంపెనీ డబ్బు చెల్లిస్తుంది. మన క్షేత్ర పరీక్షలో పాల్గొనే రైతుకు కీలక ఉత్పాదకాలను మనమే సమకూరుస్తాము. బీటా యాప్‌లో మాత్రం పరీక్షకు పొలం ఇచ్చి, సమాచారం ఇచ్చి, శ్రమ ఇచ్చి, నష్టభయం మోసి, ఆపైన రుసుము కూడా రైతే కడుతున్నాడు. ఈ లెక్క తలకిందులుగా ఉన్నది. నా అభిప్రాయంలో, పరీక్ష దశలో సంస్థయే రైతుకు ఎంతో కొంత చెల్లించాలి. అది సాధ్యం కాకపోతే కనీసం ఆ సీజన్‌కు రుసుము వసూలు చేయకూడదు.

దీనికి భిన్నమైన ఒక నమూనాను 2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో చూశాము. ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు రాష్ట్ర ప్రభుత్వ సహకారంతో 175 మంది వేరుశనగ రైతులకు విత్తే సమయం గురించి తెలుగులో సంక్షిప్త సందేశాలు పంపాయి. రైతులు డబ్బు కట్టలేదు, ఖరీదైన ఫోను కూడా అక్కరలేకపోయింది. సగటున 30 శాతం అధిక దిగుబడి వచ్చిందని ఆ సంస్థలు ప్రకటించాయి. ఒక మండలంలో ఒక సీజన్ ఫలితాన్ని సస్యశాస్త్రవేత్తగా నేను ప్రాథమిక పరీక్ష ఫలితంగానే పరిగణిస్తాను. అంతకు మించిన బరువు దానిపై మోపను. అయినా, పరీక్షలో ఉన్న సలహాను రైతుకు ఏ షరతులపై ఇవ్వాలన్నదానికి అది మంచి ఉదాహరణే.

ఇక పెద్ద రైతు ఉత్పత్తిదారుల సంస్థ, చక్కెర కర్మాగారం, విత్తన కంపెనీ వంటివి బీటా సాఫ్ట్‌వేర్‌ను కొనదలిస్తే నాకు అభ్యంతరం లేదు. ఒప్పందం చదవగల మనిషి వారి దగ్గర ఉంటాడు. పరిహారపు నిబంధన వ్రాయించుకోగలరు. ఒక గ్రామంలో సలహా తప్పితే మరొక గ్రామం ఆ నష్టాన్ని కొంత సర్దుతుంది. రెండెకరాల కౌలు రైతుకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ‘కట్టిన మొత్తం చిన్నదే కదా’ అన్న సమాధానం ఇక్కడ చెల్లదు. చిన్నది చందా మాత్రమే.

మనం చేయవలసిన పరీక్ష

ఒక సంస్థ తన యాప్‌ను సిఫారసు చేయమని కృషి విజ్ఞాన కేంద్రాన్నో ఏరువాక కేంద్రాన్నో కోరినప్పుడు, మనం ఒక కొత్త కలుపు మందును చూసినట్లే దానిని చూడాలి. రైతు పొలంలో మూడు చికిత్సలు పెట్టవచ్చు: యాప్ సలహా, విశ్వవిద్యాలయ సిఫారసు, రైతు సొంత పద్ధతి. ఒక్కొక్క రైతును ఒక్కొక్క పునరావృతంగా తీసుకుని, కనీసం రెండు సీజన్లు, నేలల్లో తేడా ఉన్న మండలాలలో చూడాలి. రైతు కమతమంతా యాప్‌కు అప్పగించరాదు, పది గుంటలు చాలు. దిగుబడితోపాటు మందుల ఖర్చు, సలహా ఆలస్యంగా వచ్చిన సందర్భాలు, సలహాను రైతు పాటించని సందర్భాలు, అందుకు అతడు చెప్పిన కారణాలు నమోదు కావాలి. చివరిది అన్నిటికంటే ముఖ్యం. రైతు ఎందుకు పాటించలేదన్నదానిలోనే యాప్ లోపం ఎక్కువగా దొరుకుతుంది.

ఇంతవరకు పద్ధతి మనకు అలవాటైనదే. ఒక్కచోట మాత్రం మన పాత పద్ధతి సరిపోదు. సాంబ మసూరి 1986లో బాపట్ల నుండి విడుదలైంది. ఇవాళ నాణ్యమైన ధ్రువీకృత విత్తనం తెచ్చుకున్న రైతు వేస్తున్నది ఆ బీపీటీ 5204నే. మూల విత్తనం, ప్రజనక విత్తనం, పునాది విత్తనం, ధ్రువీకృత విత్తనం అన్న గొలుసంతా ఏర్పడినది పరీక్షించిన వస్తువూ అమ్ముతున్న వస్తువూ ఒకటే అని పూచీ పడడానికి. సాఫ్ట్‌వేర్ గర్వించేది ఇందుకు విరుద్ధమైన గుణాన్ని గురించి. అది రాత్రికి రాత్రి మారుతుంది. మనం ఖరీఫ్‌లో పరీక్షించినది ఒక ప్రతి, రబీలో రైతు ఫోనులో ఉన్నది వేరొక ప్రతి. మధ్యలో నమూనాకు మళ్లీ శిక్షణ ఇచ్చి ఉండవచ్చు. ఒక తెగులును బాగా గుర్తించేలా సవరిస్తే మరొక తెగులు విషయంలో పనితనం తగ్గడం అసాధారణం కాదు. అప్పుడు మన రెండేళ్ల పరీక్ష దేనిని గురించి?

కనుక పరీక్ష నివేదికలో ప్రతి సలహా పక్కన యాప్ ప్రతి సంఖ్య, తేదీ తప్పక ఉండాలి. పరీక్ష కాలంలో సలహా ఇచ్చే భాగాన్ని మార్చబోమని సంస్థ వ్రాసి ఇవ్వాలి. మార్చక తప్పని లోపం బయటపడితే, మార్పుకు ముందు, తరువాత వచ్చిన ఫలితాలను విడివిడిగా లెక్కించాలి. సిఫారసు కూడా ఆ ప్రతికే పరిమితం కావాలి. పెద్ద మార్పు వస్తే సిఫారసు దానంతటదే రద్దు కావాలి. స్నాతకోత్తర విద్యార్థులకు ఇది మంచి పరిశోధనాంశం. ఒకే చిత్రాల సమితిని ఒకే యాప్‌కు ఆరు నెలల పాటు ప్రతి పక్షానికీ ఇచ్చి, సమాధానాలు ఎంత నిలకడగా ఉన్నాయో కొలవడానికి పొలం కూడా అక్కరలేదు. వందో రెండు వందలో సరిగా నిర్ధారణ అయిన చిత్రాలు, ఒక ఫోను, ఓపిక ఉంటే చాలు.

విస్తరణ శాస్త్రవేత్త పేరుకున్న విలువ

కిందటి రబీకి ముందు ఒక సంస్థ ప్రతినిధులు మా విభాగానికి వచ్చారు. చదువుకున్న యువకులు, విషయం మీద శ్రద్ధ ఉన్నవారు. ఎకరానికి ఇంత అని చందా, నమోదు చేయించిన కేంద్రానికి అందులో కొంత వాటా, రైతు సదస్సులో మా శాస్త్రవేత్త ఒకరు నాలుగు మాటలు చెప్పడం. ఇదీ వారి ప్రతిపాదన. ఏ పంటలో, ఏ నేలలో ఎంతమేరకు పరీక్షించారని అడిగితే ‘సార్, రైతులు వాడుతూ ఉంటే అదే నేర్చుకుంటుంది’ అన్నారు. అందులో అబద్ధం లేదు. అయితే నేర్చుకుంటున్న విద్యార్థి దగ్గర మనం రుసుము తీసుకుంటాము గాని, అతడి చేతి వైద్యానికి రోగి దగ్గర పూర్తి రుసుము తీసుకోము.

ఆ ప్రతిపాదనలో నన్ను ఆలోచింపజేసినది చందా మొత్తం కాదు, కేంద్రానికి ఇవ్వజూపిన వాటా. రైతు యాప్‌ను నమ్మి చేరడం లేదు. సదస్సులో మాట్లాడిన శాస్త్రవేత్తను నమ్మి చేరుతున్నాడు. పంట పోయిననాడు అతడు వెతికేది లైసెన్సు పాఠాన్ని కాదు, మన కార్యాలయాన్ని. నమోదుకు వాటా తీసుకున్న కేంద్రం, ఆ రోజున యాప్ సలహా తప్పని రైతు పక్షాన సాక్ష్యం ఇవ్వగలదా? అందువల్ల పరీక్షను, ప్రచారాన్ని ఒకే కేంద్రం చేయరాదు. పరీక్షకయ్యే ఖర్చును సంస్థ విశ్వవిద్యాలయానికి నిర్ణీత రుసుముగా, ఫలితం ఏదైనా, ముందే చెల్లించాలి. కొత్త మందుల పరీక్షకు మనం పాటిస్తున్న పద్ధతే ఇది.

మేము వారికి నాలుగు విషయాలు వ్రాసి ఇమ్మన్నాము. పంటల వారీగా పొరపాట్ల పూర్తి పట్టిక, పరీక్ష కాలంలో ప్రతి మార్చబోమన్న హామీ, రైతుల సమాచారం ఎవరిదన్న స్పష్టత, సలహా తప్పువల్ల నష్టం జరిగితే పరిహారం ఎవరు, ఎంత ఇస్తారన్నది. మొదటి రెండింటికి వారం రోజులలో అంగీకారం వచ్చింది. మూడవదానిపై వారి న్యాయవాదితో ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి. నాలుగవ దానికి ఇంకా సమాధానం రాలేదు కనుక, మా పరిధిలోని రైతులలో ఎవరినీ చందాతో నమోదు చేయలేదు. పది గుంటల పరీక్షకు మాత్రం తొమ్మిది మంది రైతులు తమంత తాముగా ముందుకు వచ్చారు. వారి దగ్గర రుసుము తీసుకోవడం లేదు.